సాలెం పేరుకు పలికినవాడు

"పంపిండ్రా? అప్పుడే పంపిండ్రా?"

ఆస్మా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. గిన్నెలో గోధుమ హరీస్ అడుగంటుతున్న వాసన వస్తున్నా ఆమె చూపు మొగుడి ఫోను మీదనే ఉంది.

"పంపక? మూడు వారాల సంది దానికోసమే గద కండ్లు కాయలు కాసినయి," అన్నాడు అబ్దుల్ హమీద్. గొంతులో దబాయింపు ఉంది గానీ ముఖంలో నెత్తురు లేదు. "హైదరాబాద్ కెల్లి ఇష్తియాక్ ఫొటో పెట్టంగనే మహబూబ్ సుభాని భాయ్‌కు కొట్టిన. 'ఇగో మా ముత్తాత పేజీ, మీరే చూస్కోండి' అని రాసిన గూడ."

"చదవకుండనే?"

"చదువుడేంది? మొదటి లైన్ల పేరు కనబడ్డది. సాలెం బిన్ అవద్. ఇంకేం కావాలె?"

ఆస్మా పొయ్యి కట్టేసి తల పట్టుకుంది. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఇరవై ఎనిమిదేళ్ళుగా కార్ల కరెంటు పని చేస్తున్న మనిషి, టెస్టర్ పెట్టకుండా ఒక్క వైరును ముట్టడు. అలాంటివాడు చదవరాని కాగితాన్ని మాత్రం కళ్ళు మూసుకుని కాబోయే వియ్యంకుడి చేతిలో పెట్టాడు. నిర్మల్‌లో తెలుగు బడిలో చదివిన హమీద్‌కు అచ్చులో ఉంటే ఉర్దూ వస్తుంది. ఇది నిజాం కాలపు గుమాస్తా చేతిరాత, చీమలబారు. అందులో తను వెతుక్కున్న పేరొక్కటే అతనికి కనబడింది.

ఫోనులో ఇష్తియాక్ పంపిన వాయిస్ మెసేజ్ మళ్ళీ మోగింది. "మామూ, ఆ ఫొటో ఎవ్వలకు పంపకు. దఫ్తర్ మున్షీ సాబ్ ఇప్పుడే కూసొని చదివిండు. మనం అనుకున్నట్టు లేదది. నాకు ఫోన్ చెయ్యి."

హమీద్ ఆ మాటలు వినడం ఇది మూడోసారి. మూడుసార్లు వింటే అర్థం మారుతుందేమోనని అతని ఆశ.

"అదే మళ్ళ మళ్ళ వినుడెందుకు? చేయుండ్రి ఫోన్," అంది ఆస్మా. "అసర్ నమాజ్ కాంగనే వాళ్ళొస్తరు. ఇంక రెండు గంటలు గూడ లేదు."

వచ్చేది మహబూబ్ సుభాని కుటుంబం. ఇక్కడే ఒక కంట్రాక్టు కంపెనీలో స్టోరు చూస్తాడాయన. కొడుకు కాషిఫ్ ల్యాబ్ టెక్నీషియన్. వీళ్ళ ఆసిఫా ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకున్నారు, నచ్చుకున్నారు. ఇవాళ శుక్రవారం, వాళ్ళొచ్చి నికా తేదీ ఖాయం చేసుకోవాలి. మధ్యలో ఒకే ఒక్క ముడి. "మేం జగిత్యాల చావుష్‌లం. నిజాం జమానాల అరబ్బు పటాలం, జమీయత్‌ల కోట కాపలాకొచ్చినోళ్ళ సంతతి. నసబ్, వంశం చూడకుండ పిల్లనియ్యం, తెచ్చుకోం. మీ ముత్తాతది జమీయత్ కాగితం ఒక్కటి చూపిస్తే చాలు," అన్నాడు మహబూబ్ సుభాని. దానికేం భాగ్యమన్నాడు హమీద్. తన ముత్తాతా జమీయత్ అరబ్బే. తరాలుగా ఇంట్లో దాచుకున్న ఇత్తడి బిళ్ళ ఉంది, దాని మీద నంబరుంది. ఆ నంబరు పట్టుకునే అక్క కొడుకు ఇష్తియాక్ హైదరాబాదులో పాత దస్తావేజుల ఆఫీసు మెట్లన్నీ అరగదీశాడు. ఆస్మా పుట్టింటి సంగతి మాత్రం వాళ్ళు అడగలేదు, వీళ్ళు ఎత్తలేదు.

హమీద్ స్పీకరులో పెట్టి కలిపాడు. ఫోను మోగీ మోగకముందే ఎత్తాడు ఇష్తియాక్.

"మామూ, పేరున్నది. సాలెం బిన్ అవద్, అరబ్బు జవాను, నిర్మల్ ఖజానా కాడ పహరా. బిళ్ళ నంబరు గూడ మనదే."

"ఆఁ... మరి?"

"పేరు కింద ఎర్ర సిరాతోని రాసిండ్రు. ఫస్లీ పదమూడు వందల పదిహేనుల, నూట ఇరవై ఏండ్ల కింద, గత్తర తగిలి సచ్చిపోయిండట. లావల్ద్ అని రాసిండ్రు."

"అంటే?"

"పిల్లల్లేరని."

హమీద్ సోఫా అంచు పట్టుకున్నాడు. పిల్లలు లేకుండా పోయినవాడికి తను మునిమనవడు! యాభై ఆరేళ్ళుగా ఆ పేరు చెప్పుకునే బజారులో ఛాతీ విరుచుకుని నడిచాడు.

"మరి మేమెవలంర?" అన్నాడు.

"ఆయన చోట్ల ఇవజీని పెట్టిండ్రు మామూ. జమాదారు తన చేతికింది తుకిడీల ఒక మనిషి తగ్గిండని పైకి తెల్వకుండ, సచ్చినోని పేరు మీదనే ఇంకోన్ని నిలబెట్టిండట. అప్పట్ల ఇది నడిచేదేనట. ఈ పేజీ జమాదారు సొంతానికి రాసుకున్న లెక్కలదట. పొద్దున హాజరీల 'సాలెం బిన్ అవద్' అని పిలిస్తే వీడు 'హాజిర్' అనాలె. ముప్పై ఏండ్లు గట్లనే పలికిండు. పలికి పలికి అదే పేరై పోయింది."

"వీడు అంటే ఎవడు?"

"ముమానీ గూడ ఇంటున్నదా?" అని అడిగాడు ఇష్తియాక్.

"చెప్పు బిడ్డా," అంది ఆస్మా.

"మస్తాన్, ముమానీ. కౌమ్ పింజారి. హులియా, ఒంటి గుర్తులు గూడ రాసిండ్రు. చామనచాయ. ఎడమ చెవికి పోగు. అరబీ రాదు, తెలుగు మాట్లాడుతడు."

ఆస్మా వంటింటి గడప మీదనే కూలబడింది.

పింజారి! దూదేకులవాళ్ళు! ఆమె తండ్రి దూదేకులాయనే. నిర్మల్ చుట్టుపక్కల ఊళ్ళలో ఏకుబద్ద భుజానేసుకుని తిరిగి ఎందరి పరుపులకో దూది ఏకాడు. మామగారు పట్టుబట్టి ఆమెను కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు, ఇరవై ఆరేళ్ళు, అత్త జైతూన్ బీ ఆమెను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 'దూదోళ్ళ పిల్లా' అనేదే పిలుపు. కూరలో ఉప్పెక్కువైతే దూదోళ్ళ చెయ్యి. బిడ్డ నల్లగా పుడితే దూదోళ్ళ రంగు. పండుగనాడు పదిమందిలో ఆమె పళ్ళెం వేరుగా పెట్టించిన రోజు కూడా ఉంది. ఆస్మా అన్నీ మింగింది. అరబ్బు వంశం కదా, అంత గీర ఉంటుందేమోలే అనుకుంది. ఆ గీర ఎవరిది? దూదేకుల మస్తాన్ ఇంటి కోడలిదా?

నవ్వాలో ఏడవాలో తెలియక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడే లోపలి గది తలుపు దగ్గర అలికిడైంది. జైతూన్ బీ నిలబడి ఉంది. కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చి నాలుగు నెలలైంది. ఎనభై దాటినా నడుం వంగలేదు. వచ్చిన వారానికే కింది కిరాణా యెమెనీ మనిషికి, 'మేమూ మీ యెమెన్ హద్రమౌత్ వాళ్ళమే' అని ఆసిఫా చేత అరబీలో చెప్పించింది. అతను ఎంతో మర్యాదగా విని, ఖర్జూరం పొట్లం చేతికిస్తూ, 'అహ్లన్ యా హిందియ్యా', రావమ్మా ఇండియా మనిషీ, అన్నాడు. ఆ రోజు నుంచి ఆ కొట్టు సరుకు ఇంట్లోకి రావడానికి వీల్లేదంది.

ఆమెకు కోపం వస్తే ఉర్దూ వస్తుంది, కష్టం వస్తే తెలుగు వస్తుంది. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే. ఇప్పుడు ఉర్దూలో ఇల్లు ఎగిరిపోతుందని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఊపిరి బిగబట్టారు.

"ఆ ఫొటో ఎంతమంది చూసిండ్రు?" అంది జైతూన్ బీ తెలుగులో.

హమీద్ తల్లి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, ఇదంత అబద్ధం గద? గా మున్షీకి చదవరాక ఏదో చెప్పిండు గద?"

ఆమె కొడుకు ముఖంలోకి చూడలేదు. "ఎంతమంది చూసిండ్రంటె చెప్పవేందిర?"

ఆస్మా గడప మీంచి మెల్లగా లేచింది. ఏం రాసుందని అడగలేదు ఈమె. మస్తాన్ ఎవడని అడగలేదు. ఎంతమంది చూశారని అడుగుతోంది!

"మీకు ముందే తెలుసు," అంది ఆస్మా.

బయట కొండమీది మబ్బు కిటికీ అద్దాల దాకా దిగి వచ్చింది. పక్కగదిలో ఆసిఫా బట్టలు ఇస్త్రీ చేస్తున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"తెలుసు," అంది జైతూన్ బీ చివరికి. "పెండ్లయిన ఏడో నాడు మా అత్త తలుపేసి చెప్పింది. ఆమెకు ఆమె అత్త చెప్పిందట. మగోళ్ళకు చెప్పద్దన్నది. చెప్తె ఆడాడ నోరు జారుతరు, లేకుంటె తలకాయ దించుకొని తిరుగుతరు అన్నది. ఇంటికొచ్చిన కోడలికి మాత్రం చెప్పాలె. ఎందుకంటె దర్వాజ కాడ నిలబడేది ఆమె గద."

"దర్వాజ కాడ ఏమున్నది?"

"చుట్టాలొస్తరు గద! మస్తాన్ అన్నదమ్ముల పిల్లలు, వాళ్ళ పిల్లలు. వస్తె అన్నం పెట్టు, లోపటికి పిలువకు, ఎవలని ఎవలన్న అడిగితె పనోళ్ళని చెప్పు. గంతే చెప్పింది మా అత్త." ఆమె కొడుకు చేతుల్లోంచి తన చేతులు వెనక్కు తీసుకుంది. "హమీద్ పుట్టినప్పుడు ఒక ముసలాయన వచ్చిండు. ఆడి కోసమని కొత్త దూదితోని చిన్న బొంత కుట్టుకొని తెచ్చిండు. పది కోసులు నడిచి వచ్చిండట. ఒక్కసారి పిల్లగాన్ని చూపియ్యి బిడ్డా అన్నడు. నేను బొంత తీస్కొని తలుపేసిన."

హమీద్ ఉన్నచోటే కూలబడ్డాడు. పెద్ద మనిషి, గడ్డం నెరిసినవాడు, రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లవాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. ఆస్మాకు అతని మీద ఎంత జాలి కలిగిందో అత్త మీద అంత కోపం ముంచుకొచ్చింది.

"మరి నాకెందుకు చెప్పలే? నేను ఇంటికొచ్చిన కోడల్ని గాదా? ఏడో నాడు నన్నెందుకు కూసోబెట్టలే?"

"నీకా?"

"నాకే."

"నీకు చెప్తె..." జైతూన్ బీ మాట కోసం వెతుక్కుంది. "నీకు చెప్తె నేను నీకంటె ఏంట్ల ఎక్కువనే? నీకు అత్తనెట్లైత?"

ఆస్మాకు ఇరవై ఆరేళ్ళ తిట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కో తిట్టు వెనుకా భయంతో బిక్కచచ్చిన ఈ ముసలామె కనబడింది. ఆమెను క్షమించాలని అనిపించలేదు. కానీ ఇంతకు ముందులా ద్వేషించడానికి కూడా ఆధారం దొరకలేదు.

ఆసిఫా ఎప్పుడు వచ్చిందో, తలుపు పక్కన నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"అమ్మీ, నాకు కాషిఫ్ కావాలె," అంది. "అరబ్బైతే ఏంది, పింజారైతే ఏంది నాకు? కానీ వాళ్ళబ్బా ఒప్పుకోడు. కాషిఫ్ వాళ్ళబ్బా మాట దాటడు. అది గూడ నాకు తెలుసు."

"అందుకే చెప్తున్న, ఇనుండ్రి," అంది జైతూన్ బీ. ఆమెలో పాత జైతూన్ బీ ఒక్క క్షణంలో లేచి కూర్చుంది. "పేరు ఒకటే, మనిషి వేరు. జమీయత్‌ల ఎంతమంది సాలెంలు లేరు? ఇష్తియాక్ పొరపాటు పేజీ తీసిండు. అసలుది వెతుకుతున్నడు. గిదే మాట. హమీద్, నువ్వు మాట్లాడకు, నీ ముఖమే చెప్పేస్తది. నేను మాట్లాడత. ఆస్మా..."

పేరు పెట్టి పిలిచింది!

"ఆస్మా, నువ్వు ఒక్కటే జేయి. ఊకోవాలె. నీ బిడ్డ కోసం."

ఆస్మా ఆసిఫా వైపు చూసింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ తల్లి జవాబు కోసం చూస్తోంది. కడుపు తీపి ముందు ఏ పౌరుషం నిలుస్తుంది?

"సరే," అంది ఆస్మా.

---

అసర్ అయిన పావుగంటకే వాళ్ళొచ్చారు. ముందు మహబూబ్ సుభాని, వెనుక ఆయన తల్లి మదార్బీని మెట్లెక్కిస్తూ కాషిఫ్. సలాములయ్యాయి. అత్తరు రాశారు. ఖహ్వా పోశారు. అందరూ చలి గురించి, పొగమంచు గురించి అవసరానికి మించి మాట్లాడుకున్నారు.

ఫొటో గురించి ముందుగా ఎత్తింది మహబూబ్ సుభానియే.

"హమీద్ భాయ్, మీరు పంపింది మా అమ్మ చదివింది. వాళ్ళ నాయన రెవెన్యూల గిర్దావర్ ఉండె. గా రాత ఆమెకు కొట్టిన పిండి. ఇవజీ ముచ్చటేదో ఉన్నదాంట్ల."

హమీద్ గ్లాసు కింద పెట్టబోయి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నాకైతే మస్తు పరేషాన్ అయింది. కానీ అమ్మనే అన్నది, 'వాళ్ళ పేజీ అయి ఉండదుర, పేరు ఒకటే, మనిషి వేరు' అని. మీరు గూడ గదే మాటంటే అయిపాయె. కడమ సంగతులు మాట్లాడుకుందాం."

ఆస్మా ఉలిక్కిపడింది. తాము రెండు గంటలు కిందామీదా పడి అల్లుకున్న మాట, అక్షరం పొల్లుపోకుండా, వాళ్ళ నోటినుంచే వచ్చింది. ఇది దేవుడి దయ అనుకోవాలా, ఇంకేమన్నానా? మదార్బీ తల వంచుకుని తస్బీ తిప్పుతోంది. ఎవరి ముఖమూ చూడడం లేదు.

"గంతే మరి!" అంది జైతూన్ బీ అందుకుని. "మా పిల్లగాడు తొందరపడి పంపిండు. గా పేజీ మాది గాదు. మాది వేరే ఉన్నది."

"అల్హమ్దులిల్లాహ్!" మహబూబ్ సుభాని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. కాషిఫ్ ముఖం వెలిగింది. లోపలి గది పరదా కదిలింది. గదిలో బిగుసుకుని ఉన్న గాలి ఒక్కసారి వదులైనట్టయింది. హమీద్ ఒక్కడే గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

హరీస్ పళ్ళేలు పట్టుకుని ఆస్మా వచ్చింది. అందరికీ అందిస్తూ ఉంటే, మహబూబ్ సుభాని తేలికపడ్డ మనసుతో నవ్వాడు.

"నేను గదే అనుకున్న బెహన్. దూది ఏకెటోళ్ళు మనకు వియ్యమెట్లైతరు? వాళ్ళ ఇండ్లల్ల నీళ్ళు తాగుతమా మనం?"

అతను చెడ్డవాడు కాదు. గాలివాటున అన్నాడు. కానీ ఆస్మా చేతిలోని పళ్ళెం అతని ముందుకు సగం దూరం వెళ్ళి ఆగింది.

ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు. దూది దుమ్ముకు దగ్గి దగ్గి పోయినవాడు. పది కోసులు నడిచి వచ్చి తలుపు బయటే ఉండిపోయిన ఆ ముసలాయన కూడా గుర్తొచ్చాడు. ఇప్పుడు తను ఊరుకుంటే, రేపు తన తమ్ముళ్ళు ఆసిఫాను చూడ్డానికి వస్తే? పెళ్ళైన ఏడో నాడు తలుపేసి, 'లోపలికి పిలవకు, పనివాళ్ళని చెప్పు' అని ఆసిఫాకు నేర్పవలసింది ఎవరు? తనే కదా!

ఆస్మా పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"మీరు తాగిన ఖహ్వా నేను చేసిందే, భాయ్. నేను దూదేకులోళ్ళ పిల్లనే."

మహబూబ్ సుభాని నవ్వు మూతి మీదే గడ్డకట్టింది.

"ఆస్మా!" అంది జైతూన్ బీ.

"ఆ పేజీ గూడ మాదే," అంది ఆస్మా. "బిళ్ళ నంబరు మాది. ఇవజీ మస్తాన్ మా ఇంటి పెద్దనే. మా ఆయనకు గూడ ఇయ్యాలనే తెలిసింది. మీకు అబద్ధం చెప్పి నా బిడ్డను పంపుత అనుకున్న. నాతోని అయితలేదు."

లోపల పరదా వెనుక ఆసిఫా ఏడుపు సన్నగా వినిపించింది. బిడ్డ బతుకు తన నోటితోనే చెడగొట్టానా అనుకుంది ఆస్మా.

మహబూబ్ సుభాని తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "పోదాం నడువుండ్రి," అన్నాడు.

కాషిఫ్ లేవలేదు. తండ్రి ముందు ఏనాడూ తల ఎత్తని పిల్లవాడు, ఈసారీ ఎత్తలేదు. నేలను చూస్తూనే అన్నాడు.

"అబ్బా, వాళ్ళ పేజీ వాళ్ళు చూపించిండ్రు. మన పేజీ మనం ఎన్నడన్న చూసినమా?"

"ఏంది?"

"ఇష్తియాక్ భాయ్ హైదరాబాద్‌లనే ఉన్నడు గద. సోమవారం పోయి మనది గూడ తీయిస్తడు. అది చూసినంక నువ్వు ఏం చెప్తె అది చేస్త. అప్పటిదాంక నేను ఆసిఫాకు కాదని చెప్ప."

మహబూబ్ సుభాని ఛాతీ విరిచాడు. "తీయియ్యిర! మనకేం భయం? రేపే ఫోన్ చేసి..."

"వద్దు!"

అరిచింది మదార్బీ. మెట్లెక్కడానికి మనవడి భుజం కావలసి వచ్చిన మనిషి, ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడింది. తస్బీ చేతిలోంచి జారిపోయింది.

"వద్దంటున్న గద! ఎవ్వలూ ఏం తీయద్దు! ఇంత దూరం వచ్చి బతుకుతున్నం, ఆ పాత కాగితాలతోని ఏం పని?"

"అమ్మా, ఏమైంది?" మహబూబ్ సుభాని బిత్తరపోయి తల్లిని పట్టుకోబోయాడు. ఆమె అతని చెయ్యి విదిలించుకుంది. కొడుకు వంక గానీ మనవడి వంక గానీ చూడలేకపోయింది. ఎక్కడ చూడాలో తోచక జైతూన్ బీ వైపు చూసింది.

జైతూన్ బీ లేచి వెళ్ళింది. మదార్బీ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె నోట వచ్చింది తెలుగే.

"నీకెప్పుడు చెప్పిండ్రు, మదార్బీ?"